పత్రికలో సాధారణ వర్షము, పొలములో బెట్ట

ప్రతి సంవత్సరము ఏప్రిల్ నెలలో భారత వాతావరణ శాఖ నైరుతి ఋతుపవనములను గురించి తన మొదటి అంచనాను ప్రకటించును. మరునాడు "ఈ ఏడు సాధారణ వర్షపాతము" అని పత్రికలలో పెద్ద అక్షరములతో వార్త వచ్చును. ఆ మాటను నమ్మి విత్తనము, ఎరువు, అప్పు లెక్కవేసికొను రైతులు కలరు. కావున దాని అర్థమును రైతులును, గ్రామోద్యోగులును తెలిసికొనవలెను.

వ్యవహారములో 'సాధారణము' అనగా ఎప్పటివలె, ఇబ్బంది లేకుండ అని అర్థము. వాతావరణ శాఖకు అది ఒక అంకె. జూన్ నుండి సెప్టెంబరు వరకు దేశమంతట పడు వాన సగటు 87 సెంటీమీటర్లు. ఇది 1971 నుండి 2020 వరకు గల 50 సంవత్సరముల సగటు. ఏప్రిల్ అంచనాలో దీనిలో 96 నుండి 104 శాతము వరకు 'సాధారణము'. జిల్లా లెక్కలలో అదే మాట చాల వెడల్పగును. అచట 19 శాతము తగ్గినను, 19 శాతము పెరిగినను సాధారణమే. నెలకు 100 మిల్లీమీటర్లు పడవలసిన జిల్లాలో 81 పడినచో సాధారణము, 80 పడినచో లోటు! పత్రికలు రెండు చోట్లను ఒకే మాట వాడుచున్నవి. పైగా కొలబద్దయే మారుచుండును. 2022కు పూర్వము సగటు 88 సెంటీమీటర్లుగా ఉండెడిది.

2002లో 101 శాతము వాన పడునని అంచనా వెలువడినది. జులైలో పడవలసిన దానిలో సుమారు సగమే పడినది; కాలము ముగియునప్పటికి 19 శాతము తగ్గినది. 2023 సంగతి వేరు. ఆ ఏడు మొత్తము 94 శాతము పడినది. వినుటకు బాగుగనే యున్నది. కాని ఆగస్టులో 36 శాతము లోటు. 1901 నుండి అంతటి ఎండు ఆగస్టు లేదు. జులై, సెప్టెంబరు నెలల అధిక వర్షము ఆ లోటును లెక్కలో చాలవరకు పూడ్చినది. వేరుశనగకు ఊడలు దిగు సమయమున నేలలో తేమ లేకున్నచో, తరువాత పడిన వాన ఆ ఊడలను దింపజాలదు. ఎర్ర చెల్కలలో తేమ మరింత త్వరగా ఆరిపోవును.

భూమి వేడెక్కుచున్నకొలది ఈ చిక్కు పెరుగును. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. అందుచే వాన కొద్ది రోజులలోనే కుండపోతగా కురిసి, నడుమ బెట్టలు సాగవచ్చును. మొత్తము మాత్రము సాధారణమే!

వరద వచ్చినపుడు "వరుణుని ఆగ్రహము" అని వ్రాయుట కూడ ఇట్టిదే. నేరము వరుణునిపై మోపినచో, చెరువు అలుగు కాలువను ఆక్రమించినదెవరని అడుగువారుండరు.

ఏప్రిల్ వార్తను దేశపు లెక్కగా చదువవలెను. విత్తుటకు మండల వర్షమాపకపు లెక్కయు, మంగళ, శుక్రవారములలో వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాయు చూడవలెను. గ్రామోద్యోగులు మండలపు వానను దినదినము నోటీసు బోర్డుపై వ్రాయుట మేలు. మొత్తముతోబాటు 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడిన దినములెన్నో, చివరి వాన ఏ తేదీన పడినదో కూడ అందు ఉండవలెను.