కారు క్రింది తడి - ఒక పరిశీలన

పాత కారు కొనుట పెరిగిన బిడ్డను దత్తు తెచ్చుకొనుట వంటిది. దాని గుణదోషములు కొన్నిటిని అమ్మినవారు చెప్పుదురు, కొన్నిటిని చెప్పరు, మరికొన్ని వారికిని తెలియవు. ఇంటికి వచ్చిన పిమ్మట అవి ఒక్కొక్కటిగా బయటపడును. వానిలో మిక్కిలి కలవరపెట్టునది, ఉదయము కారు తీసిన చోట నేలమీద కనిపించు తడి. అది నీరో, నూనెయో, మరేమియో తెలియదు. ఎక్కడినుండి కారినదో అసలే తెలియదు. చూచినవారందరు తలకొక మాట చెప్పుదురు. ఆ తడిని చదువు పద్ధతిని మా స్వానుభవము ఆధారముగా ఈ వ్యాసమున వివరింపదలచినాము. మేము యంత్రశాస్త్రజ్ఞులము కాము; తెలుగు పాఠము చెప్పుకొను ఉపాధ్యాయులము. అయినను కఠినమైన పద్యమునకు అన్వయము కుదుర్చుటకు ఎంత ఓర్పు కావలెనో, ఈ పనికిని అంతే ఓర్పు కావలెనని మాకు తెలిసివచ్చినది.

మేము కడపలో కొన్నది పదేండ్ల వయసు గల చిన్న పెట్రోలు కారు. కొన్న నెల దినములకు, వేసవిలో, ప్రతి ఉదయము వాకిటి సిమెంటు నేలపై తడి కనిపించసాగినది. పొరుగువారు చూచి, "ఇది ఏసీ నీరు, భయపడకండి" అన్నారు. సహాధ్యాపకులొకరు రేడియేటరు చిల్లు పడినదన్నారు. ఒక వర్క్‌షాపువారు క్రిందికి వంగి చూచినంతనే, ఇంజిను దింపి సీళ్ళన్నియు మార్చవలెనని తేల్చినారు. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తుట ఉచితమా అని మేము సందేహించినాము. నాలుగు దినములలో రాయచోటిలో బంధువుల ఇంట పెండ్లి. అమ్మను, పిల్లలను తీసికొని గువ్వలచెరువు కనుమ ఎక్కి పోవలెను. తిరుగు ప్రయాణమున ఆ మలుపులలోనే దిగవలెను. కనుక ఆ తడి ఏమిటో తేల్చుకొనక తప్పలేదు.

కారులో ప్రవహించు ద్రవములు అనేకములు. ప్రతిదానికి ఒక రంగు, ఒక వాసన, ఒక స్పర్శ, ఒక చోటు కలవు. ఈ నాలుగు లక్షణములు తెలిసినచో సగము సందేహము తీరును.

మొదటిది ఏసీ నీరు. చల్లని నీళ్ళ గ్లాసు వెలుపల చెమ్మ పట్టునట్లే, ఏసీ లోపలి చల్లని గొట్టములపై గాలిలోని తేమ నీరై దిగును. ఒక చిన్న గొట్టము ద్వారా అది బయటకు పోవును. మన దేశపు కార్లలో సాధారణముగా ముందు ఎడమవైపు, డ్రైవరు ప్రక్క సీటు కాళ్ళుంచు చోటికి సమీపముగా కారును. రంగు లేదు, వాసన లేదు, జిడ్డు లేదు. ఆరిన పిమ్మట మఱక మిగులదు. ఇది దోషము కాదు. ఏసీ నడచుచున్నను ఒక చుక్కయైన కారక, కారు లోపలి తివాచీ తడిసినచో, అప్పుడు ఆ గొట్టము పూడినదని అనుమానింపవలెను.

రెండవది ఇంజిను ఆయిలు. క్రొత్తది తేనె రంగు, పాతది నలుపు. వ్రేళ్ళ నడుమ జారును. నీటిలో కలియదు, నీటిపై ఇంద్రధనుస్సు వంటి పొరగా తేలును. ఛాంబరు అడుగున ఉన్న డ్రెయిన్ నట్టు, ఆయిలు ఫిల్టరు, ట్యాపెట్ కవరు గ్యాస్కెట్టు దీనికి సాధారణ స్థానములు. గేరు ఆయిలు ఇంతకంటె చిక్కనిది. దానికి గంధకపు వాసన యుండును. ఆటోమేటిక్ గేర్ల ఆయిలు సాధారణముగా ఎరుపు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగు గల కార్లలో దాని ఆయిలు ఎరుపుగానో, లేత పసుపుగానో ఉండును. విద్యుత్తుతో నడచు స్టీరింగునకు సాధారణముగా ఆయిలే లేదు గనుక, ఆ కార్లలో ఆ అనుమానమే అక్కరలేదు.

మూడవది కూలెంటు. ఆకుపచ్చ, ఎరుపు, గులాబి, నీలము మున్నగు రంగులలో దొరకును. కొంచెము తియ్యని వాసన. దీనిలో సాధారణముగా ఇథిలిన్ గ్లైకాలు అను విష పదార్థము ఉండును. తియ్యదనమునకు ఆశపడి కుక్కలు, పిల్లులు నాకును. చిన్నపిల్లలు చేయి పెట్టుదురు. కావున నేలపై కనిపించినంతనే కడిగివేయవలెను. పాత కార్లలో చాలమంది కూలెంటునకు బదులు వట్టి నీరు పోయుదురు. అది కారినప్పుడు ఏసీ నీటివలెనే కనిపించును గాని, ఆరిన చోట తుప్పు రంగు చార మిగులును. ఇంజిను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ఎన్నడును విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండుటచే నూరు డిగ్రీలు దాటినను మరుగక ఉండును. మూత తీసిన క్షణమున అది ఆవిరియై ముఖముపైకి ఎగయును.

నాలుగవది పెట్రోలు. దీనిని వాసనయే పట్టిచ్చును. త్వరగా ఆరిపోవును గనుక మఱక కనిపింపక పోవచ్చును. వాసన తగిలినచో ఇంజిను ఆన్ చేయరాదు, దరిదాపుల నిప్పు ఉండరాదు.

అయిదవది బ్రేకు ఆయిలు. మనము ఆయిలు అని పిలిచినను ఇది నూనె కాదు. క్రొత్తది దాదాపు నీటి రంగు లేక లేత పసుపు; కాలము గడచిన కొలది గోధుమ రంగు. జారుడుగా ఉండును, రంగుపై పడిన రంగు ఊడును. ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది, సామాన్యముగా వాడు డాట్ 3, డాట్ 4 రకములు నీటిలో పూర్తిగా కలిసిపోవును. మా కథకు ఇదియే కీలకము.

ఇక పరిశీలించు విధానము. మొదట ఇంజిను అడుగు భాగమును, చక్రముల లోపలి వైపును శుభ్రముగా కడిగి ఆరనీయవలెను. పాత జిడ్డు ఉన్నంతవరకు క్రొత్త తడి తెలియదు. పిమ్మట పెద్ద అట్టపెట్టెను విప్పి కారు క్రింద పరచి, నాలుగు చక్రముల స్థానములను, ముందు వెనుకలను దానిపై గుర్తింపవలెను. ఒక రాత్రి ఏసీ వాడిన పిమ్మట, ఒక రాత్రి వాడకుండ, ఇట్లు రెండుమార్లు చూడవలెను. అదే సమయమున కారును సమతలమున నిలిపి, ఇంజిను చల్లబడిన పిమ్మట, డిప్‌స్టిక్కుపై ఆయిలు, డబ్బాలలో కూలెంటు, బ్రేకు ఆయిలు ఎంతవరకు ఉన్నవో వ్రాసికొనవలెను. నేలపై చుక్క పడిన చోటికి సరిగా పైనే దోషము ఉండునని తలపరాదు. ద్రవము క్రిందికి జారును. కారు నడచునప్పుడు గాలి దానిని వెనుకకు తోయును. కావున తడి అంతయు చూచి, దానిలో అన్నిటికంటె పైన ఉన్న చోటును వెదకవలెను. ఆరిన భాగముపై కొంచెము టాల్కమ్ పౌడరు చల్లినచో తడి దారి స్పష్టముగా కనిపించును. ఇంటిలో జాకీ మాత్రము ఆధారముగా ఎత్తిన కారు క్రిందికి ఎవరును దూరరాదు. జాకీ జారినచో ప్రాణము దక్కదు.

మేమును ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను దుకాణమునుండి తెచ్చి పరచినాము. ఉదయము చూడగా ముందు ఎడమవైపు పెద్ద తడి. అది గంటలో ఆరి, ఏమియు మిగులలేదు. పొరుగువారు చెప్పినది నిజమే, అది ఏసీ నీరే. అంతటితో చాలించియుందుము. కాని వెనుక ఎడమ చక్రము గుర్తుకు ప్రక్కన రూపాయి బిళ్ళంత పసుపు మఱక కనిపించినది. అది సాయంత్రమైనను ఆరలేదు.

అప్పుడు ఒక్కొక్క అనుమానమును తీసివేయ మొదలుపెట్టినాము. ఇది ముందు చక్రములు తిరుగు కారు. ఇంజిను, గేరుపెట్టె, రేడియేటరు అన్నియు ముందే. కాబట్టి వెనుక చక్రము వద్ద ఇంజిను ఆయిలు, గేరు ఆయిలు, కూలెంటు పడుటకు తావు లేదు. మిగిలినవి మూడు: పెట్రోలు, షాక్ అబ్సార్బరులోని ఆయిలు, బ్రేకు ఆయిలు. పెట్రోలైనచో వాసన ఉండును, ఆరిపోవును. మిగిలిన రెంటిని వేరుచేయుటకు ఆ మఱకకు కాగితపు ముక్కను అద్ది గాజు గ్లాసులోని నీటిలో ముంచినాము. షాక్ అబ్సార్బరు ఆయిలైనచో నీటిపై పొర తేలవలెను. పొర తేలలేదు, అది నీటిలో కలిసిపోయినది. బానెట్టు ఎత్తి చూడగా, ఎనిమిది దినముల క్రిందట గుర్తు పెట్టిన గీతకంటె బ్రేకు ఆయిలు వ్రేలి వెడల్పు తగ్గియున్నది. బ్రేకు లైనింగులు అరిగిన కొలది ఆ మట్టము నెలల తరబడి మెల్లగా తగ్గుట సహజమే. కాని ఎనిమిది దినములలో అంత తగ్గుట సహజము కాదు.

ఇన్నాళ్ళు ఇది కనబడకుండుటకు కారణమును అప్పుడే తెలిసికొన్నాము. మా వాకిలి వీధివైపు వాలుగా ఉండును. కారు ముఖము ఇంటివైపు నిలుపుదుము. ముందు కారిన ఏసీ నీరు వాలు వెంబడి వెనుకకు పారి, వెనుక చక్రము వద్ద పడిన బ్రేకు ఆయిలును తనలో కలుపుకొని పోవుచుండెను. నూనె వలె పొర తేలనందున మాకు అనుమానమే రాలేదు. నిరపాయమైన తడి అపాయకరమైన తడిని దాచినది. "ఏసీ నీరు" అన్నవారి మాట తప్పు కాదు. అది సగము నిజము. ఆ సగము నిజముతో తృప్తి చెందియుండినచో మేము కనుమ ఎక్కియుందుము.

మరియొక సంగతి గుర్తుకు వచ్చినది. కారు కొన్ననాడు డిక్కీలో స్టెప్నీ ప్రక్కన సగము ఖాళీ అయిన బ్రేకు ఆయిలు సీసా కనిపించినది. అమ్మినవారు ఎంత జాగ్రత్తపరులో అనుకొన్నాము. ఆ సీసా ఎందుకు సగము ఖాళీ అయినదో అడుగవలెనని తోచలేదు. పెడలు కొంచెము లోతుగా దిగుచున్నను, అది పాత బండి లక్షణమనుకొని రోజు పిల్లలను బడికి దింపినాము. ఇప్పుడు తలచుకొన్నను గుండె ఝల్లుమనును.

కారును కదలింపక, మాకు తెలిసిన ఉస్తాదును ఇంటికే పిలిపించినాము. ఆయన ఆసరాలు పెట్టి, చక్రము, డ్రమ్ము విప్పి చూపినాడు. వీల్ సిలిండరులోని రబ్బరు కప్పు అరిగి, బ్రేకు షూ అంతయు తడిసియున్నది. "బండి నడవకపోతే ఇంట్లో కూర్చోవచ్చు సార్. ఆగకపోతేనే కష్టం" అన్నాడు. రెండు వెనుక చక్రములకు సిలిండర్లు, షూలు మార్చి, గొట్టములలోని గాలి తీసి, క్రొత్త ఆయిలు పోసినాడు. ఖర్చు మూడువేల రూపాయలకు లోపలనే. ఇంజిను దింపవలసిన పని రాలేదు.

ఇంత చిన్న మఱకకు ఇంత భయమేల అని విద్యార్థులు అడుగవచ్చును. 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ (1623-1662) చెప్పిన సూత్రము మీరు చదివినదే. మూసిన పాత్రలోని ద్రవముపై కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించును. మన పాదము పెడలుపై పెట్టు బలము చక్రములను చేరునది ఈ సూత్రము చేతనే. ద్రవము బయటకు పోయి గాలి లోపల చేరినచో ఆ సూత్రమునకు ఆధారము పోవును; గాలి అణగును గాని బలమును మోయదు. నేటి కార్లలో బ్రేకు మార్గమును రెండు భాగములు చేయుదురు గనుక ఒకటి చెడినను రెండవది పనిచేయును. కాని కారు ఆగుటకు పట్టు దూరము చాల పెరుగును. పైగా ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చును. డాట్ 3 రకము క్రొత్తగా ఉన్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదని ప్రమాణము. తేమ పట్టిన పిమ్మట ఆ ప్రమాణము 140 డిగ్రీలే. కనుమ దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి ద్రవము మరిగినచో, ఆవిరి బుడగల వలన పెడలు మెత్తబడును. ద్రవము తగ్గినదని ఇంజిను ఆయిలు పోయుట మరియు ప్రమాదము. దానివలన రబ్బరు భాగములు ఉబ్బి చెడిపోవును.

కనుక తడి కనిపించినప్పుడు ఈ క్రమము గుర్తుంచుకొనుడు. ఏసీ నీరైనచో నిశ్చింతగా ఉండవచ్చును. ఇంజిను ఆయిలు చుక్కలైనచో, మట్టము చూచుకొనుచు కొలది దినములలో బాగు చేయించవచ్చును. కూలెంటైనచో దూర ప్రయాణము మానవలెను. బ్రేకు ఆయిలు గాని పెట్రోలు గాని అయినచో కారు అడుగైనను కదలరాదు. మెకానిక్కే ఇంటికి రావలెను. ఒక తడికి కారణము దొరికినంతనే వెదకుట ఆపరాదు. రెండవది దాని చాటున ఉండవచ్చును.

మేము ఆ పెండ్లికి బస్సులో పోయి వచ్చినాము. కారు బాగుపడినను, బ్రేకు ఆయిలు మట్టము రెండు వారములు నిలకడగా ఉన్నదని చూచుకొనిన పిమ్మటనే అమ్మను అందులో ఎక్కించినాము. ఆ అట్టముక్క ఇప్పటికిని మా వాకిట గోడకు ఆనించి ఉన్నది. నెలకొకమారు దానిని పరచి చూచుట మాకు అలవాటైనది.