దస్త్రము వేఱు, నకలు వేఱు

కంప్యూటర్లు రాకమునుపు వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో ఒక రైతు తన పొలమునకు భూమి లెక్కల పత్రమగు పహాణీ కావలెనని తహసీలు కచేరీకి పోయినచో, అచ్చటి గుమాస్తా బీరువాలోని దస్త్రమును అతని చేతికిచ్చి పంపెడివాడు కాడు. అందుండి అతనికి వలసిన వివరములను మాత్రమే వేఱు కాగితముపైకెత్తి వ్రాసి, ముద్రవేసి, నకలుగా నిచ్చెడివాడు. దస్త్రము కచేరీ పనికై యేర్పడినది. నకలు అడిగినవాని పనికై యేర్పడినది. ప్రయోజనములు వేఱగుటచే రూపములును వేఱయ్యెను. మన కచేరీలు ఏనాడో యెఱిగిన ఈ వివేకమును నేటి సాఫ్ట్‌వేర్ నిర్మాతలు పలువురు విస్మరించుచున్నారు.

ఫోనులోని యాప్‌లో భూమి వివరము చూడగోరి వేలితో తాకినంతనే, ఆ యాప్ ఎక్కడనో యున్న సర్వరు నొక ప్రశ్న యడుగును; సర్వరు తన డేటాబేస్ పట్టికలను వెదకి జవాబు పంపును. ఈ ప్రశ్నోత్తరములు ఏ రూపమున జరుగవలయునో నిర్ణయించు కట్టుబాటునకే ఏపీఐ యని పేరు. పట్టికలోని వరుసను ఉన్నదున్నట్లు జవాబుగా పంపుట ప్రోగ్రామరుకు మిక్కిలి సులభము. కాని ఆ సౌలభ్యమునందే రెండు అనర్థములు పొంచియున్నవి.

మొదటిది గోప్యతాభంగము. పట్టికలో రైతు పేరు, సర్వే నంబరులతోబాటు ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు కూడ నుండవచ్చును. తెరపై రెండే కనబడినను, జవాబులో అన్నియు వచ్చియున్నచో తెలిసినవాడు వానిని చదువగలడు. ఏపీఐలకు గల పది ప్రధాన ప్రమాదములను పేర్కొనుచు సాఫ్ట్‌వేర్ భద్రతకై పనిచేయు ఓవాస్ప్ సంస్థ 2019లో ప్రకటించిన జాబితాలో, అవసరమునకు మించిన సమాచారమును బయటపెట్టుట మూడవది. దీనికి విపర్యయముగా, బయటినుండి వచ్చినదానిని పరీక్షింపక నేరుగా పట్టికలో చేర్చుకొనుట ఆఱవది. 2012లో ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములను దాచుకొను గిట్‌హబ్‌లో బయటపడిన లోపము ఈ జాతిదే. 2023 జాబితాలో ఈ రెండును ఒకే శీర్షికక్రింద చేరినవి.

రెండవ అనర్థము మార్పువలన గలుగునది. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగర్ జిల్లానుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేఱుపడినవి. అలంపురములోని పొలము అంగుళమైనను కదలలేదు. దాని జిల్లా మాత్రము మాఱెను. 2011 జనగణనలో ఆ యూరు మహబూబ్‌నగర్ లెక్కలోనిదే కనుక, వివరములు భద్రపఱచువాడు పాత జిల్లాను, క్రొత్త జిల్లాను రెండింటిని దాచుకొనవలయును. అందుకై పట్టికలోని ఒక నిలువు వరుసను రెండుగా చీల్చవలసిరావచ్చును. జవాబు పట్టికకు ప్రతిబింబమై యున్నచో, ఆ చీలికతోనే దానిని నమ్ముకొన్న యాప్‌లన్నియు తడబడును. జవాబు రూపము వేఱుగా నిర్ణయింపబడియున్నచో, లోపల పట్టికలెంత మాఱినను బయట 'జిల్లా' యను మాట చెక్కుచెదరక నిలుచును.

ఈ యోచన నూతనము కాదు. ప్రోగ్రాములోని ప్రతిభాగము తన లోగుట్టును తనలోనే దాచుకొనవలయునని కంప్యూటరు శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లో ప్రతిపాదించెను. డేటాబేస్‌నకు నిల్వరూపము, భావరూపము, చూచువానికి కనబడు రూపము అని మూడంతస్తులుండవలయునని అమెరికాలోని పండితసంఘ మొకటి 1975లో సూచించెను. మన ఆధార్ ధ్రువీకరణమునందును ఈ సంయమము కలదు: పేరో వేలిముద్రయో సరిపోయినదా యని యడిగినచో, వచ్చు జవాబు 'అవును' లేక 'కాదు' అనునదే.

కావున ప్రోగ్రామరు మొదట జవాబు రూపమును అడుగువాని యవసరమునుబట్టి నిర్ణయించి, పట్టికనుండి దానిలోనికి ఒక్కొక్క వివరమును తానెఱిగి తరలింపవలయును. దాచవలసినవానిని ఏఱి తీసివేయుటకంటె చూపవలసినవానిని ఎంచి చేర్చుట మేలు. ఏలయన, రేపు పట్టికలో క్రొత్తగా చేర్చిన రహస్యము మొదటి పద్ధతిలో తనంతట తానే బయటపడును, రెండవ పద్ధతిలో లోపలనే యుండును. ఇందుకు కొంత అధికశ్రమ తప్పదు. ఒకే విషయమును రెండుమాఱులు వ్రాయుచున్నట్లు తోచును. నలుగురు మాత్రము వాడుకొను చిన్న పరికరమునకు ఆ శ్రమ యక్కఱలేకపోవచ్చును. లక్షలమంది నమ్మి వాడు సేవలకు అది తప్పనిసరి.

పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలనుండి ఈ వృత్తిలోనికి వచ్చుచున్న యువకులారా, యువతులారా! మీ డేటాబేస్‌లోని ప్రతి వరుసవెనుకను ఒక కుటుంబము, ఒక పొలము కలవు. దస్త్రమును బీరువాలోనే యుంచి, నకలును వేఱుగా వ్రాసి యిండు.