పాత గోడల రంగు, పిల్లల ఒంట్లో సీసం



దసరా దగ్గర పడితే మన కామాఠిపురా చాళ్లలో గోడలు గీకి రంగులు వేసుకోవడం అలవాటు. పోయిన ఏడాది మా చాల్‌లో ఒక గదికి పాత ఆయిల్ పెయింటు గీకుతుంటే, ఆ దుమ్ము వరండా అంతా పరుచుకుంది. పిల్లలు అక్కడే ఆడుకుంటూ, అవే చేతులతో మరమరాలు తింటున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

వెనకటి ఆయిల్ పెయింట్లలో సీసం కలిపేవారు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదనే నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పొరలు మాత్రం గోడల మీదే ఉన్నాయి.

సీసంతో మన ఒంటికి ఏ పనీ లేదు. అయినా కణాలు దాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిస్తాయి. మెదడులో నరాల కణాలు ఒకదానికొకటి కబురు అందించుకోవడానికి కాల్షియం కావాలి. ఆ చోట సీసం చేరితే కబురు తారుమారవుతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో ఒక ఎంజైముకు జింకు అవసరం. సీసం ఆ జింకును తోసేసి తాను కూర్చుంటుంది. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ని. పని తెలియనివాడు కుర్చీలో కూర్చుంటే ఫైలు కదలదు. ఇక్కడా అంతే. హీమ్ తగ్గి రక్తహీనత వస్తుంది. మిగిలిన సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల మీద కూడా అనుమానం వచ్చింది. అలా ఒక్కసారిగా పడిపోతే అందరం పరుగెత్తుతాం. రంగు దుమ్ము అలా చెప్పి రాదు. పిల్లవాడు చదువులో వెనకబడితే బద్ధకం అని తిట్టి ఊరుకుంటాం. పెద్దవాళ్లకంటే పసిపిల్లల కడుపు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది.

కాబట్టి గోడ తడిపి గీకించండి. ఆ రోజు పిల్లలను, గర్భిణులను పక్కింటికి పంపండి. నీళ్ల బిందెలు, వంట సామాను కప్పండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. రంగు పనికి వెళ్లే మన అన్నదమ్ములు మాస్కు కట్టుకుని, పని బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి. రాగులు, ఆకుకూరలు, పాలు పెట్టండి. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం సులువుగా చేరుతుంది. అనుమానముంటే రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి.

పండక్కి ఇల్లు మెరవాలి, నిజమే. ఆ దుమ్ము మాత్రం పిల్లల నోట్లోకి పోకూడదు.

ఇట్లు,
సంఘ కార్యదర్శి