బ్లాకులు పేరిస్తే.. బాణీ రెడీ!

కీబోర్డ్‌ అంటే మీకు తెలిసింది ల్యాప్‌టాప్‌దేనా? సరిగమలు రావు, అయినా సొంతంగా మ్యూజిక్‌ చేయాలని ఉందా? ఫంక్షన్‌ ఒకసారి రాసి పదిచోట్ల వాడటం వస్తే చాలు.. సగం పని వచ్చినట్టే!

2007లో వచ్చిన రిహానా పాట ‘అంబ్రెల్లా’ వినే ఉంటారు. దాని డ్రమ్స్‌కి ఆధారం యాపిల్‌ గ్యారేజ్‌బ్యాండ్‌లో రెడీమేడ్‌గా దొరికే ‘వింటేజ్‌ ఫంక్‌ కిట్‌ 03’ అనే లూప్‌. ఆ సాఫ్ట్‌వేర్‌ ఉన్న ఎవరైనా వాడుకోగలిగిన ముక్కే అది. ఆ పాటకు గ్రామీ కూడా వచ్చింది. సరుకు అందరిదీ ఒకటే, పేర్చడంలోనే ఉంది తేడా.

లెక్క చాలా సింపుల్‌

చివరికొచ్చేసరికి అతుకు తెలియకుండా మళ్లీ మొదటికి కలిసే చిన్న ముక్కే లూప్‌. టెంపో 120 బీపీఎం అంటే నిమిషానికి 120 దెబ్బలు. బార్‌కి 4 దెబ్బలైతే 2 సెకన్లు. 8 బార్ల బ్లాక్‌ 16 సెకన్లు. అలాంటివి 11 పేరిస్తే 176 సెకన్లు.. అంటే దాదాపు మూడు నిమిషాల పాట! పదకొండూ వేర్వేరు అక్కర్లేదు. ఆరంభం, పల్లవి, చరణం, ముగింపు.. ఈ నాలుగూ చేసుకుని తిప్పి వాడండి. టెంపో, శ్రుతి మాత్రం అన్నిటికీ కుదరాలి. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు ఒక వాయిద్యం తీసేయండి, లేదా కొత్తది చేర్చండి. లేకపోతే వినేవాళ్లకి బోర్‌ కొట్టేస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

జార్జియా టెక్‌ రూపొందించిన ‘ఇయర్‌స్కెచ్‌’ బ్రౌజర్‌లోనే ఉచితంగా పనిచేస్తుంది. పైథాన్‌ లేదా జావాస్క్రిప్ట్‌లో కోడ్‌ రాయాలి. అందులో ‘ఫిట్‌మీడియా’ అనే ఫంక్షన్‌కి ఏ క్లిప్‌, ఏ ట్రాక్‌, ఏ బార్‌ నుంచి ఏ బార్‌ దాకా అని చెబితే చాలు, అదే పేర్చేస్తుంది. ‘సోనిక్‌ పై’లో అయితే పాట నడుస్తుండగానే కోడ్‌ మార్చొచ్చు. కోడ్‌ వద్దనుకుంటే ఫోన్లో బ్యాండ్‌ల్యాబ్‌, కంప్యూటర్లో ఎల్‌ఎంఎంఎస్‌ ఉన్నాయి.

నేను బోల్తా పడింది ఇక్కడే

ఫైనలియర్‌లో ఫ్రెండ్‌ షార్ట్‌ఫిల్మ్‌కి నేనే మ్యూజిక్‌ చేశా. నెట్‌లో దొరికిన లూప్‌ని లైసెన్స్‌ చూడకుండా పెట్టేశా. అప్‌లోడ్‌ చేసిన మర్నాడే కాపీరైట్‌ క్లెయిమ్‌! వాడి రెజ్యూమెలో ఉన్న లింక్‌ అదొక్కటే. తర్వాత ఓ ఇంటర్వ్యూలో నన్నూ అడిగారు, ‘ఇందులో మీరు చేసిందెంత?’ అని. నా దగ్గర జవాబు లేదు.

అందుకే రెండు అలవాట్లు చేసుకోండి. ‘రాయల్టీ ఫ్రీ’ అంటే షరతులు లేవని కాదు. మీ పాటలో వాడుకోనిచ్చినా, లూప్‌ని విడిగా అమ్ముకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు. ప్రతి లూప్‌ ఎక్కడిదో, లైసెన్స్‌ ఏంటో ఒక ఫైల్లో రాసుకోండి. రెండోది, ప్రతి పాటలో కనీసం ఒక్క బ్లాక్‌ మీదై ఉండాలి. హాస్టల్‌ బెంచీ మీద దరువు, ఊరి జాతరలో మీరే రికార్డు చేసిన డప్పు.. ఏదైనా సరే.

ఉద్యోగం సంగతేంటి?

రెండు పాటలు చేయగానే మ్యూజిక్‌ డైరెక్టర్లం అయిపోం. కానీ కోడ్‌, సంగీతం రెండూ తెలిసినవాళ్లకి గేమ్‌ ఆడియోలో పని ఉంటుంది. గేమ్‌లో హీరో మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక బ్లాక్‌, శత్రువు రాగానే ఇంకోటి మోగాలి. ఆటగాడు ఎప్పుడేం చేస్తాడో ముందే తెలియదు కాబట్టి ఎటు నుంచి ఎటు మారినా అతుకు వినిపించకూడదు. ఈ పనికి వాడే ఎఫ్‌మాడ్‌, వైజ్‌లను ఉచితంగానే నేర్చుకోవచ్చు.

ఈ వీకెండే మొదలుపెట్టండి. యూనిటీలో ఒక చిన్న సీన్‌, మూడు బ్లాకులు, మధ్యలో మారే కోడ్‌.. అంతే. గిట్‌హబ్‌లో పెట్టి లింక్‌ రెజ్యూమెకి జోడించండి. ‘ఇందులో మీరు చేసిందెంత?’ అని అడిగితే, వేలు పెట్టి చూపించగలగాలి.