కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేస్తే...

టమాటా సీజనులో మదనపల్లె మార్కెట్టుకు పికప్ వ్యాన్లు బారులు తీరుతాయి. వాటిని వెనుక నుంచి ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? ఖాళీ బండి వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది. పెట్టెలు ఎక్కించేకొద్దీ కుంగుతుంది. వెనుక చక్రాల దగ్గర ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలే కమాన్ కట్ట. విల్లులా వంగిన ఈ పట్టీలు బరువు మోస్తాయి, గతుకుల అదురును తగ్గిస్తాయి.

“బరువెక్కువైతే ఇంకో పట్టీ వేయిస్తే సరిపోతుంది” అనే మాట తరచూ వినిపిస్తుంది. ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

స్ప్రింగుపై బలం ఎంత పెరిగితే, దాని సాగుదల లేదా కుంగుదల అదే నిష్పత్తిలో పెరుగుతుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించాడు. స్థితిస్థాపక అవధి దాటనంతవరకే ఈ సూత్రం వర్తిస్తుంది. ఒక బండి 125 కిలోలకు 1 సెంటీమీటరు చొప్పున కుంగుతుందనుకుందాం. ఒక్కొక్కటి 25 కిలోల పెట్టెలు 40 వేస్తే 1000 కిలోలు. 8 సెంటీమీటర్లు కుంగుతుంది. 60 పెట్టెలు వేస్తే 12 సెంటీమీటర్లు. అయిదు పట్టీల కట్టకు అలాంటిదే ఆరోది చేర్చితే, అదే 60 పెట్టెలకు కుంగుదల 10 సెంటీమీటర్లే.

మీరే పరీక్షించవచ్చు. ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచు నుంచి సగం బయటికి ఉంచి, లోపలి కొనను గట్టిగా నొక్కి పట్టుకోండి. బయటి కొనకు చిన్న బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలవండి. తర్వాత రెండు స్కేళ్లు కలిపి పెట్టండి. వంపు దాదాపు సగమవుతుంది.

మరి బండి బలపడినట్లేనా? ఇక్కడే చాలామంది పొరబడతారు. కుంగుదల తగ్గింది గాని బరువు తగ్గలేదు. ఆ 1500 కిలోలూ ఇరుసు మీద, టైర్ల మీద అలాగే ఉన్నాయి. బ్రేకులు ఆపవలసిన భారమూ అంతే. జ్వరం తగ్గకుండా థర్మామీటరు దాచినట్లు, కొత్త పట్టీ అధిక బరువును కంటికి కనబడకుండా చేస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి వైపు పోయే బండ్లు మొగిలి, భాకరాపేట వంటి కనుమలు దిగాలి. పరిమితికి మించి 500 కిలోలు వేసుకున్న బండి 300 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ అదనపు బరువు వల్లే సుమారు 15 లక్షల జౌళ్ల శక్తి వెలువడుతుంది. దాదాపు 5 లీటర్ల నీటిని మరిగించగల వేడి అది! కొంత ఇంజను, గాలి, రోడ్డు పంచుకున్నా, మిగిలినదంతా బ్రేకులే భరించాలి. బాగా వేడెక్కిన బ్రేకులు పట్టు కోల్పోతాయి. అప్పుడు కమాన్ కట్ట ఎంత గట్టిదైనా బండిని ఆపలేదు.

మరో నష్టం కూడా ఉంది. గట్టి కమాన్లున్న బండి తక్కువ బరువుతో పోయినప్పుడు ఎగిరెగిరి పడుతుంది. పెట్టెల్లో టమాటాలు చితుకుతాయి.

అమెరికా, ఆస్ట్రేలియాలలో కొందరు గుడారం, నీళ్ల ట్యాంకు, వంట సామాను పికప్‌లో వేసుకుని విహారానికి వెళతారు. బండి కుంగకుండా వాళ్లు అదనపు పట్టీలో, గాలి నింపిన రబ్బరు తిత్తులో అమరుస్తారు. వాళ్ల బండికీ ఇదే సూత్రం.

అయితే కమాన్లు మార్చడం దండగా? కాదు. పాత పట్టీలు నీరసించినా, విరిగినా మార్చాల్సిందే. పరిమితిలోపు బరువుకే బండి వెనక్కి వాలి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడుతుంటే తగిన పట్టీ మేలు చేస్తుంది. ఎంత బరువు వేయవచ్చో మాత్రం ఆర్‌సీలో రాసి ఉన్నదే లెక్క. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పికప్ ఉంటే, ఆర్‌సీలోని మొత్తం బరువు నుంచి ఖాళీ బండి బరువు తీసివేసి చూడండి. ఎన్ని పెట్టెలు వేయవచ్చో లెక్కగట్టి పెద్దవాళ్లకు చెప్పండి. డ్రైవరు బరువును కలపడం మరిచిపోకండి!