ఏ పనికి ఏ పట్టా?

దిండిలో ఆరాధన ముగిశాక ఒక యువకుడు మమ్మల్ని గోదావరి గట్టుకు తీసుకెళ్లాడు. బీఎస్సీ చదివి, దేవుని సేవకు సమర్పించుకున్నవాడు. “ఎం.డివ్. చెయ్యమంటారా, ఎం.టీహెచ్. చెయ్యమంటారాండి?” అని అడిగాడు. ఎం.టీహెచ్. అంటే పెద్ద చదువని ఎవరో చెప్పారట. తండ్రి అప్పు చేయడానికి సిద్ధపడ్డారు. సంఘపెద్ద ఒకాయన మాత్రం పరిశుద్ధాత్ముడుండగా పట్టాలెందుకన్నారట.

ఆ పెద్దాయన మాటలో బలం లేకపోలేదు. 1836లో మన దేశానికొచ్చి, ఆవలి గట్టున నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. అయితే చెప్పులు కుట్టిన మరొకాయన, విలియం కేరీ, సహచరులతో కలిసి 1818లో సెరంపూర్ కళాశాల స్థాపించాడు. దానికి 1827లో డెన్మార్క్ రాజు పట్టాలిచ్చే అధికారమిచ్చాడు. ఈ సంగతి పెద్దాయనకూ చెప్పాలి!

అబ్బాయికి మాత్రం విషయం విడమరచి చెప్పాం. సెరంపూర్ పద్ధతిలో బి.డి. అయ్యాకే ఎం.టీహెచ్. అది పాత నిబంధనో, క్రొత్త నిబంధనో, సంఘ చరిత్రో ఏదో ఒక శాఖలో లోతైన పరిశోధన. వేదాంత కళాశాలలో బోధించాలనుకునేవారి బాట అది. బీఎస్సీతో నేరుగా అందులోకి వెళ్లడం కుదరదు. ఎం.డివ్. అలా కాదు. ఏ డిగ్రీ చదివినవారైనా సాధారణంగా మూడేళ్లలో లేఖనాలు, ప్రసంగం, కాపరి పరిచర్య కలిపి నేర్చుకుంటారు. మన దేశంలో చాలా చోట్ల దీనికి ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉంటుంది. సంఘాల మధ్య అది చెల్లుతుంది గానీ ప్రభుత్వ గుర్తింపు కాదు. అభిషేకానికి మీ సంఘం ఏ పట్టా అడుగుతుందో ముందే కనుక్కోవాలి. ఎవరి గుర్తింపూ లేకుండా నెలల్లో మాస్టర్స్ ఇస్తామనే చోట నాన్నగారి అప్పు డబ్బు పెట్టొద్దని గట్టిగానే చెప్పాం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగారు కదా (లూకా 14:28).

అపొల్లో లేఖనాల్లో ఆరితేరిన పండితుడు. అయినా డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్ల అతనికి దేవుని మార్గం ఇంకా వివరంగా చెప్పాల్సి వచ్చింది (అపొ.కా. 18:24-26). అతడు చిన్నబుచ్చుకున్నట్టు లూకా రాయలేదు.

“మరి నీకు పాఠం చెప్పాలనుందా, మందను కాయాలనుందా బాబూ?” అని అడిగాం. చాలాసేపు నీళ్లవైపే చూశాడు. “మా పేటలో జ్వరమొచ్చిన ఇంటికి ప్రార్థనకెళ్తే మనసుకు హాయిగా ఉంటదండి” అన్నాడు. ఎం.టీహెచ్. దరఖాస్తు మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు.