గురకంటే హాయైన నిద్ర కాదు!

మా భద్రాచలంలో ఎవరైనా గురకపెడితే ‘హాయిగా పడుకున్నాడు’ అంటారు. ‘గ్యాంగ్‌ లీడర్‌’కి బాణీలిచ్చిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో స్లీప్‌ ఆప్నియాతో చనిపోయారని చదివాక ఆ మాట నాకు మింగుడుపడలేదు. కుర్చీకి అతుక్కుని కోడ్‌ రాసే నాలాంటివాళ్లకూ ఈ ముప్పుంది.

ఊబకాయుల్లో గొంతు చుట్టూ కొవ్వు పేరుకుని, నిద్రలో శ్వాసదారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరాగుతుంది. ఆక్సిజన్‌ పడిపోతుంది, బీపీ పెరుగుతుంది, గుండె అలసిపోతుంది.

మొదట స్లీప్‌ టెస్ట్‌, తర్వాత సీప్యాప్‌ మిషన్‌. బరువు మరీ ఎక్కువైతే బేరియాట్రిక్‌ సర్జరీ. స్లీవ్‌ పద్ధతిలో జీర్ణాశయాన్ని దాదాపు 80 శాతం తీసేస్తారు. బరువు దిగితే ఆప్నియా తగ్గుతుంది, గుండెకూ ఊరట. కానీ అందరికీ పూర్తిగా పోదు. మళ్లీ టెస్ట్‌ చేయించాకే మిషన్‌ ఆపాలి.

గురక మధ్యలో ఊపిరాగడం నిద్రపోయేవాళ్లకు తెలీదు. వినేది పక్కనున్న మీరే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.